“రెండ్రోజుల్లో సర్దుకుంటారు” అనిపించుకున్న కింది పళ్ల సెట్టు గారికి

మహారాజశ్రీ కింది పళ్ల సెట్టు గారి సముఖానికి,

తమరు క్షేమమే, తళతళలాడుతున్నారు కూడా. క్షేమం తప్పింది చిగుళ్లకే. “ఇక ఒరుసుకోదండీ” అని నిన్న సాయంత్రం దంతవైద్యుడి కుర్చీ దగ్గర మీ తరఫున ఇచ్చిన మాట ఇవాళ మొదటి ముద్దకే బొంకైంది.

మీ ఇబ్బందులు తెలియనివి కావు. పైసెట్టు గారికి అంగిలంతా ఆసరా. మీకేమో గుర్రపునాడాలాంటి సన్నటి గట్టు, లోపల్నించి నాలుక తోపు, బయట్నించి బుగ్గ తోపు. రెండువైపులా వెనకపళ్లు లేనివాళ్లని 1925లో ఎడ్వర్డ్ కెన్నెడీ అనే దంతవైద్యుడు ఒకటో తరగతిలో వేశాడు. బళ్లో రాని ఫస్టు క్లాసు నోట్లో వచ్చింది, ఏం లాభం! కొరికినప్పుడు మీ క్లిప్పు పట్టుకున్న సొంత పన్ను మిల్లీమీటరులో పదో వంతో రెండో కదులుతుంది. వెనకనున్న చిగురు దానికి ఎన్నో రెట్లు అణుగుతుంది. అందుకని ఊగుతారు. సరే, ఊగండి.

పుండు విషయంలో జరిగే అన్యాయం మాత్రం మింగుడుపడదు. నాలుకవైపు అంచు కింద పుండు లేస్తుంది. వేలితో చూపించడం ఆలస్యం, బర్రు (అరగదీసే చిన్న యంత్రపు ములికి) తిరుగుతుంది, అంచు అరుగుతుంది. నాలుగు రోజులు హాయి, మళ్లీ అక్కడే మంట, మళ్లీ గీకుడు. అసలు దొంగ పైనున్నాడు. నీ పళ్లలో ఒకటి ఎత్తుగా ఉంది. నోరు మూయగానే పైపన్ను ముందు దానికే తగిలి, నమిలినప్పుడల్లా నిన్ను పక్కకి తోస్తోంది. పన్ను తప్పు చేస్తే అంచుకి శిక్ష! అంచు పొట్టిదైనకొద్దీ నువ్వు జారతావు, జారినచోట ఇంకో పుండు. అన్నీ అరుగుతాయి, ఫీజు తప్ప.

ఇదేమన్నా బ్రహ్మవిద్యా? పన్ను మీద కూర్చోవాల్సిన లోహపు రెస్టులు పూర్తిగా కూర్చున్నాయో లేదో ముందు చూడాలి. అవి తేలుతుంటే మిగతా పనంతా దండగ. నీ లోపలివైపు తుడిచి, తెల్లటి ప్రెషర్ పేస్టు బ్రష్షు గీతలు కనబడేంత పల్చగా రాసి, నోట్లో పెట్టి నొక్కి తియ్యాలి. గీతలు చెక్కుచెదరకపోతే అక్కడ చిగురు తగల్లేదన్నమాట. పేస్టు చెరిగి పింక్ అక్రిలిక్ బయటపడ్డచోట నొక్కుడు ఉంది. అంతమేరకే అరగదీసి, మళ్లీ రాసి చూడాలి. తర్వాత కొరికినచోట రంగు అంటించే నీలి కాగితం రెండువైపులా పెట్టి టకటకా కొరికించాలి, దవడ పక్కలకీ జరిపించాలి. ఒక్క పన్ను మీదే ముదురు మచ్చ పడిందా, బర్రుకి పని అక్కడ. ఆఖర్న ప్యూమిస్ రాతిపొడి‌తో నునుపు. పేస్టు కాస్త నయం, ఎప్పుడో ఒకప్పుడు డబ్బా మూత తీస్తారు. ఆ నీలి కాగితానికే ఎవరికీ తీరిక ఉండదు. కాగితం ముక్కండీ, కాగితం ముక్క!

క్లిప్పు వదులైతే ప్లయర్‌తో కొన మాత్రం రవ్వంత లోపలికి వంచితే చాలు. స్టీలు తీగ ఓర్చుకుంటుంది. పోతపోసిన కోబాల్ట్ క్రోమియం పదేపదే వంచితే పుటుక్కుమంటుంది. నైలాన్ సెట్టుని గీకితే పోగులు లేస్తాయి, మెరుగు ఓ పట్టాన రాదు. ఇక గరుకు కాగితం, బ్లేడు పట్టే ఇంటి వైద్యులకో నమస్కారం. నిన్ను వేళ్లతో కాక కొరికి కూర్చోబెట్టి క్లిప్పులు వంకర చేసేవాళ్లకి ఇంకోటి. వారం రోజులు డబ్బాలో పెట్టి, పుండు మానాక డాక్టరు దగ్గరికెళ్లి “ఇక్కడేనండీ” అనేవాళ్లకి మూడోది. నొప్పి ఓర్చుకోగలిగితే వెళ్లేముందు ఒక రోజు పెట్టుకోవాలి, ఎర్రమచ్చ కనబడాలిగా.

నిన్ను విసిరికొట్టాలనే ఉంది. నువ్వు లేకపోతే పైపన్ను కిందికి దిగుతుంది, పక్కపన్ను ఖాళీలోకి ఒరుగుతుంది, ఆ తర్వాత నువ్వొచ్చినా పట్టవు. అది నీకూ తెలుసు, అందుకే అంత పొగరు. కానీ గట్టు అరిగి నీ అడుగున ఖాళీ వచ్చిన రోజు ఏ గీకుడూ నిన్ను కాపాడదు. కొత్తగా కొలత తీసి, ఆ ఖాళీ నింపడానికి రీలైన్‌కని ల్యాబుకి పంపుతారు. ఆ పూట మెత్తగా పప్పన్నం కలుపుకుని, నువ్వు లేకుండా, కడుపునిండా తింటాం.

ఇట్లు,
కింది దవడ చిగుళ్ల తరఫున