బ్యాకప్ ఉంది కదా, తెరిచి చూడడం దేనికి?

విజయవాడ, గుంటూరు వ్యాపార వర్గాల మనోభావాలను ఈ మధ్య కొందరు కంప్యూటర్ కుర్రాళ్లు తీవ్రంగా గాయపరుస్తున్నారు. "బ్యాకప్ ఉందాండీ?" అని అడిగి, "ఉందయ్యా" అనగానే టీ తాగి వెళ్లిపోతే ఎవరికీ అభ్యంతరం లేదు. తరతరాల ఆనవాయితీ అది. వీళ్లు అక్కడితో ఆగకుండా "ఏదీ, అందులోంచి ఒక్క ఫైలు వెనక్కి తీసి చూపించండి" అంటున్నారు. బీరువాలో బంగారం ఉందన్న పెద్దమనిషిని, తెచ్చి తూకం వేయించమన్నట్టు! ఈ దుస్సంప్రదాయాన్ని ఖండించాల్సిన సమయం వచ్చింది.

మన దగ్గర బ్యాకప్‌కి ఎంత గౌరవం ఉందో వీళ్లకేం తెలుసు? ఆయుధపూజ నాడు బీసెంట్ రోడ్డులో ఏ దుకాణానికైనా వెళ్లి చూడండి. సీపీయూకి బొట్టు, మానిటర్‌కి బంతిపూల దండ, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌కి పసుపూ కుంకుమా. యూఎస్‌బీ రంధ్రంలో కాస్త కుంకుమ పడితే పడనీయండి, భక్తి ముఖ్యం. మిగిలిన రోజుల్లో ఆ డిస్కు రబ్బరు బ్యాండు చుట్టుకుని క్యాష్ కౌంటర్ సొరుగులో, బౌన్సయిన చెక్కుల పక్కన ప్రశాంతంగా పడుకుని ఉంటుంది. రాత్రి షట్టరు దించేటప్పుడు "ఏమయ్యా, బ్యాకప్ తీశావా?" అని ఓనరు గారు అడుగుతారు. "తీశానండీ" అని గుమస్తా చెబుతాడు. ఇద్దరూ నిశ్చింతగా ఇంటికి పోతారు. ఇంత చక్కగా సాగే వ్యవస్థలోకి రీస్టోర్, అంటే దాచినదాన్ని వెనక్కి దించి చూడడం, అనే మాట తేవడం అపశకునం కాకపోతే ఏమిటి?

ఏటా మార్చి 31న ప్రపంచ బ్యాకప్ దినం జరుపుతారు. మర్నాడు ఏప్రిల్ ఫూల్ కావద్దని హెచ్చరించడానికి 2011లో మొదలుపెట్టారట. పెట్టినవాళ్లకు మన క్యాలెండరు తెలియదు. ఆ రోజు ఇక్కడ ఆర్థిక సంవత్సరం ఆఖరు. గుంటూరు మిర్చి యార్డులో సీజను జోరు మీద ఉంటుంది. ఓ పక్క టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతుంటాయి, ఇంకో పక్క తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) రాస్తుంటారు. కంప్యూటరు ముందు గుమస్తాకి మంచినీళ్లు తాగే తీరిక ఉండదు. అలాంటి రోజున పాత లెక్కలు కొత్త ఫోల్డర్‌లోకి దించి చూడమని చెప్పేవాడు యార్డు నుంచి క్షేమంగా బయటికి రాలేడు.

అయినా వాళ్ల వాదన ఏమిటో న్యాయంగా విందాం. ఈ రెండు ఊళ్ల దుకాణాల్లో డేటా అనగానే ముందు గుర్తొచ్చేది లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ కాబట్టి అక్కణ్నించే మొదలుపెడదాం. మనవాళ్లు సాధారణంగా సి డ్రైవులోని లెక్కలకు డి డ్రైవులో బ్యాకప్ తీస్తారు. చాలా కంప్యూటర్లలో ఆ రెండూ ఒకే డిస్కులో చేసిన భాగాలు. డిస్కు పోయిన నాడు రెండూ కలిసే పోతాయి, ఒకటి మిగిలి ఇంకొకటి పోయిందన్న బాధ ఉండదు. బ్యాకప్ కమాండు కూడా అనవసరం అనుకునేవాళ్లు ఏకంగా డేటా ఫోల్డరునే కాపీ కొడతారు. అదీ మూడు సిస్టమ్‌ల మీద ఎంట్రీలు పడుతుండగా. కాపీ సగంలో ఉన్నప్పుడు ఎంట్రీ పడితే, కొన్ని ఫైళ్లు ఎంట్రీకి ముందువీ కొన్ని తర్వాతవీ పెన్‌డ్రైవ్‌కి ఎక్కుతాయి. ఫోల్డరు సైజు మాత్రం బ్రహ్మాండంగా సరిపోతుంది. సైజు సరిపోయాక ఇంకేం కావాలి?

ఇక రీస్టోర్ చేయాల్సి వచ్చినప్పుడు చూపించే ధైర్యం మెచ్చుకోదగ్గది. ఆల్ట్, వై నొక్కి డేటా మెనూలో రీస్టోర్ ఎంచుకుంటారు. ఎక్కడినుంచి అన్నచోట పెన్‌డ్రైవ్ ఇస్తారు. ఎక్కడికి అన్నచోట ముందే కనిపిస్తున్న డేటా ఫోల్డరు దారిని ముట్టుకోరు, అదేదో కంపెనీ వాళ్లు పెట్టిందని గౌరవం. ట్యాలీలో ప్రతి కంపెనీకీ ఒక నంబరు ఫోల్డరు ఉంటుంది. బ్యాకప్‌లో ఉన్నదీ అదే నంబరు. ఉన్నదాని మీద రాయమంటారా అని హెచ్చరిక వస్తే వై నొక్కేస్తారు. వెతుకుతున్నది పోయిన శుక్రవారం డిలీటయిన ఒక్క లెడ్జరు. అది దొరుకుతుంది కూడా. ఆ బ్యాకప్ తీసిన నాటి నుంచి ఇవాళ్టి దాకా కొట్టిన ఎంట్రీలన్నీ పోతాయి.

ఈ కుర్రాళ్లు చెప్పే పద్ధతి వినండి, ఎంత పిరికితనమో మీకే తెలుస్తుంది. వేరే డ్రైవులో ఖాళీ ఫోల్డరు చేసి, రీస్టోర్ దారి అక్కడికి మార్చాలట. దించాక ఆ దారి నుంచే కంపెనీ తెరవాలట. డే బుక్‌లో ఆఖరి వోచరు ఏ తేదీదో చూడాలి, ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం, నగదు నిల్వ ఆ రోజు ప్రింటు తీసిన కాగితంతో పోల్చాలి. సరిపోయాకే అసలు ఫోల్డరు జోలికి వెళ్లాలి, వెళ్లేముందు దానికీ ఒక కాపీ పక్కన పెట్టాలి. కొత్త వెర్షనులో తీసిన బ్యాకప్ పాత వెర్షనులో తెరుచుకోదు కాబట్టి ఏ వెర్షనులో తీశారో పెన్‌డ్రైవ్ మీద రాసిపెట్టుకోవాలట. ట్యాలీ లెక్కలకు తాళం వేసే ట్యాలీవాల్ట్ పాస్‌వర్డు పెట్టినవాళ్లు దాన్ని కూడా ఎక్కడైనా భద్రంగా రాసుకోవాలి, ఎందుకంటే మరిచిపోతే తీసిచ్చే నాథుడు లేడు. చెక్కుచెదరని బ్యాకప్ చేతిలో ఉంటుంది, లోపలికి దారి ఉండదు. పాస్‌వర్డు తెలిసిన పాత అకౌంటెంటు ఇప్పుడు హైదరాబాదులో ఉంటాడు, ఫోన్ ఎత్తడు.

కాస్త పెద్ద సంస్థల్లో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొంటారు. ఆదివారం ఫుల్, సోమవారం నుంచి శనివారం దాకా ఇంక్రిమెంటల్ అని షెడ్యూలు పెడతారు. ఇంక్రిమెంటల్ అంటే నిన్నటి బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే తీసుకునేది. ఫైళ్లు చిన్నవిగా, ముద్దుగా ఉంటాయి. శనివారం నాటి స్థితి కావాలంటే ఆదివారం ఫుల్‌తో పాటు ఆరు ముక్కలూ కావాలి. బుధవారం ముక్క చెడితే గురు, శుక్ర, శనివారాలవి ఎంత బాగున్నా పనికిరావు, మంగళవారం దగ్గరే ఆగిపోవాలి. డిఫరెన్షియల్ పెట్టుకుంటే ఫుల్ ఒకటి, ఆఖరిది ఒకటి, రెండు చాలు. కానీ ఫుల్ నాటి నుంచి మారినవన్నీ రోజూ మోస్తుంది కాబట్టి వారం తిరిగేసరికి లావెక్కుతుంది. లావు మనవాళ్లకి నచ్చదు. అందుకే డిస్కు నిండిందన్న ఎర్ర గీత కనిపించగానే మన సిస్టమ్ అబ్బాయి చాలా తెలివిగా అన్నింటికన్నా పెద్దదీ, అన్నింటికన్నా పాతదీ వెతికి డిలీట్ చేస్తాడు. అది ఆదివారం ఫుల్ అని వేరే చెప్పాలా? ఆ తర్వాత కూడా రోజూ పచ్చ టిక్కు వస్తూనే ఉంటే, పచ్చ టిక్కును శంకించడం మహాపాపం.

మనమే ఇలాగని చిన్నబోనక్కర్లేదు. గిట్‌ల్యాబ్ అని, ప్రపంచంలోని ప్రోగ్రామర్లు తమ కోడు దాచుకునే సంస్థ ఒకటుంది. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకాయన పాడైన రెండో సర్వరు అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డరునే తుడిచేశాడు. ఆపేసరికి దాదాపు 300 జీబీలో నాలుగైదు జీబీ మిగిలింది. వాళ్ల దగ్గర ఒకటి కాదు, ఐదు రకాల ఏర్పాట్లున్నాయి. ఏ ఒక్కటీ నమ్మదగినట్టు పనిచేయడం లేదని ఆ రాత్రే తెలిసింది. డేటాబేస్ 9.6 వెర్షనుది, బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2ది. రెంటికీ పొసగక రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమైనట్టు మెయిల్ వెళుతోంది, ఆ మెయిల్‌ని అవతలి సర్వరు నకిలీదని తోసిపుచ్చుతోంది. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు డేటా నకలు) ఒకటి కాపాడింది. అయినా ఆ ఆరు గంటల సమాచారం పోయింది. వాళ్లు ఆ తంతునంతా యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. మన దగ్గరైతే షట్టరు దించేసి "సర్వర్ డౌన్" అని కాగితం అంటిస్తాం, సంస్కారంలో ఆ పాటి తేడా ఉంటుంది మరి.

డీటీపీ సెంటర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. శుభలేఖలు, పుస్తకాలు, కరపత్రాలు కంపోజ్ చేసే ఊరు మనది. అక్కడ బ్యాకప్ అంటే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లన్నీ ఏరి పెన్‌డ్రైవ్‌లో వేయడం. కొత్త కంప్యూటర్‌లోకి దించి తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు కలిసి నాట్యం చేస్తుంటాయి. ఫైలు చెడలేదు. అక్కడ వాడే "అను" అన్న పేరుగల తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి (ప్రతి భాష అక్షరానికీ విడి స్థానమిచ్చే పద్ధతివి) కావు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు, కాబట్టి ఆ ఫాంటు లేనిచోట అడుగున ఉన్నది బయటపడుతుంది. ఫాంటు ఫోల్డరు బ్యాకప్‌లోకి ఎక్కించాలని ఎవరికీ తోచదు, అది విండోస్‌తోనే వచ్చిందనుకుంటారు. ఫొటోలదీ అదే తీరు. పెద్ద బొమ్మల్ని పేజ్‌మేకర్ తనలో దాచుకోదు, ఎక్కడున్నాయో దారి మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. ఫైలొక్కటే తెస్తే తెర మీద వినాయకుడు కనిపిస్తాడు, అచ్చుకి ప్లేటు తీస్తే మసక మసగ్గా వస్తాడు. సేవ్ యాజ్‌లో లింకయిన ఫైళ్లన్నీ కూడా కాపీ చేయమనే ఎంపిక ఏనాటినుంచో ఉంది. దాన్ని నొక్కితే పెన్‌డ్రైవ్ నిండిపోతుందని పొదుపుగా వదిలేస్తారు. అన్నట్టు ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఏ ఒక్క ఫైలూ అందులో పట్టదు, ఎంత ఖాళీ ఉన్నా. పెళ్లి వీడియోలు ఆగిపోయేది అక్కడే.

"మాదంతా గూగుల్ డ్రైవ్‌లో ఉందండీ" అనే ఆధునికులున్నారు. కోపంతో మానేసిన గుమస్తా ఆఫీసు కంప్యూటర్‌లో ఫోల్డరు డిలీట్ చేస్తే, రెండు చోట్లనీ ఒకేలా ఉంచే సింక్ మహా విధేయంగా అక్కడా డిలీట్ చేస్తుంది. ట్రాష్‌లో 30 రోజులుంటుంది. ఓనరు గారు తిరుపతి, షిర్డీ, మనవడి బారసాల ముగించుకుని 31వ రోజున చూస్తారు.

మరికొందరు ఎక్స్‌టర్నల్ డిస్కుని సీపీయూకి ఏడాది పొడుగునా తగిలించే ఉంచుతారు, పీకితే పోర్టు అరిగిపోతుందని. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్‌కి అంతకన్నా ఆతిథ్యం ఏం కావాలి? అది ముందు విండోస్ దాచుకున్న పాత నకళ్లని (షాడో కాపీల్ని) తుడిచి, తర్వాత కనిపించిన ప్రతి డ్రైవుకీ తాళం వేస్తుంది. 2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకే తప్పలేదు, కిరాణా కొట్టు ఎంత? తీసిన వెంటనే పీకి పక్కన పెట్టడం ఖర్చు లేని పని కాబట్టి ఎవరూ నమ్మరు.

మూడు కాపీలు, రెండు రకాల నిల్వ సాధనాలు, ఒకటి వేరే చోట అన్న లెక్కను ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు. మనవాళ్లు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఒకటి సొరుగులో, ఒకటి పై అరలో, వేరే చోట అన్నది పక్క గదిలో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడినప్పుడు ఏ గదినీ విడిచిపెట్టలేదు. కింది అంతస్తులో ఎన్ని కాపీలున్నా నీటికి ఒకటే లెక్క. విజయవాడ డిస్కు ఒకటి గుంటూరు బ్రాడీపేటలో బావమరిది ఇంట్లో ఉంటే, గుంటూరు వాళ్లది ఇటు గవర్నర్‌పేటలో ఉంటే, మధ్యలో కృష్ణానది ఉంటుంది. దీనికి ఉన్న ఒకే ఒక్క అడ్డంకి, లెక్కలు బావమరిది చేతికివ్వడం. పాస్‌వర్డు లేనివాళ్లు చదవలేకుండా చేసే ఎన్‌క్రిప్షన్ అనేది అందుకే ఉందని చెబితే ఓనరు గారు "ఆయనకి కంప్యూటర్ బాగా తెలుసయ్యా" అంటారు.

ఇక మొత్తం సిస్టమ్‌నే ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసుకున్న జాగ్రత్తపరుల వంతు. మాక్రియమ్, వీమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో తీసిన ఇమేజ్ ఫైలు డిస్కులో ఉంటుంది, దాన్ని దించడానికి కంప్యూటర్ని లేపే బూట్ పెన్‌డ్రైవ్ ఉండదు. అది ముందే చేసుకోవాలని సాఫ్ట్‌వేర్ మొదటిరోజే అడిగింది, "తర్వాత" నొక్కారు. పక్క షాపు కంప్యూటర్‌లో తయారుచేసి తెస్తే, అందులో ఈ ల్యాప్‌టాప్‌లోని ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం డిస్కుకి కావాల్సిన ఇంటెల్ స్టోరేజ్ డ్రైవరు లేక, తెర మీద డిస్కే కనిపించదు. డిస్కు పోయిందని కొత్తది కొనేస్తారు. పాత డిస్కులోంచే ఏదైనా తీద్దామంటే డిస్కుకి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ 48 అంకెల కీ అడుగుతుంది. ఆ 48 అంకెలూ భద్రంగా వర్డ్ ఫైల్‌లో ఉన్నాయి, ఆ వర్డ్ ఫైల్ ఆ డిస్కులోనే ఉంది.

ఎంతసేపట్లో వస్తుందనేది ఓనరు గారి తర్వాతి ప్రశ్న. 500 జీబీని పాత యూఎస్‌బీ 2 పోర్టు మీద సెకనుకి 30 ఎంబీ చొప్పున దించితే నాలుగున్నర గంటల పైమాట. క్లౌడ్ నుంచి 100 ఎంబీపీఎస్ నెట్ మీద అయితే అన్నీ కుదిరినా 11 గంటలు, మధ్యలో కరెంటు పోకపోతే. ఈ లెక్క ముందే తెలిసుంటే బిల్లింగు ఫోల్డరొక్కటి ముందు దించి, ఫొటోలూ పాత మెయిళ్లూ రాత్రికి వదిలేసేవారు. తెలియకపోవడం వల్లే "పది నిమిషాలండీ" అని ధీమాగా చెప్పగలుగుతున్నారు.

ప్రభుత్వం కూడా ఈ విషయంలో మన పక్షానే ఉన్నట్టుంది. ఇండియాలో ఉన్న సర్వరులో ఉంచాల్సిన కంపెనీల ఖాతాల బ్యాకప్‌ని రోజూ తీయాలని 2022 ఆగస్టులో నిబంధన మార్చారు. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. దాచమన్నారు, దాచాం. ఆరో ఏడు అధికారి వచ్చి తెరవమంటే అప్పటి సాఫ్ట్‌వేర్ వెర్షను, అప్పటి పాస్‌వర్డు, అప్పటి గుమస్తా, ముగ్గురూ ఒకేసారి దొరకాలి.

ఇంత చెప్పినా ఆ కుర్రాళ్లు వినకపోతే ఒక రాజీ ప్రతిపాదన. నెలకోసారి, అమావాస్య కాకుండా చూసుకుని, షట్టరు సగం దించాక, ఏదో ఒక ఫోల్డరు, ఏదో ఒక తేదీది, అసలు కంప్యూటరు కాకుండా వేరే దాంట్లోకి దించమనండి. గడియారం చూసి ఎంతసేపు పట్టిందో గోడ క్యాలెండరు మీద రాయమనండి. దించిన ఫైళ్లలో ఓ పదింటిని నిజంగా తెరవమనండి, పేర్లు చూసి ఊరుకోకుండా. ఓనరు గారు వెనకాల నిలబడి చూడాలి. పదీ తెరుచుకున్నాయనుకోండి, ఆయన అనబోయే మాట మనకి తెలిసిందే: "చెప్పానా? దీనికోసం గంట కరెంటు దండగ."