ప్లేటు లాక్కున్నవారికీ, కాగితం చేతిలో పెట్టినవారికీ

ఈ సాయంత్రం ఆఫీసులో ఒకరి పుట్టినరోజు వేడుక జరుగుతుండగా, నేను రెండు వేళ్ల మందాన ఉన్న కేకు ముక్క ఒకటి తీసుకుని ఇంకా నోట పెట్టుకోకముందే, పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకరు "మీరు డైట్‌లో ఉన్నారు కదండీ, మీకెందుకివన్నీ" అంటూ నా చేతిలోని ప్లేటు తీసుకుని బల్ల మీద పెట్టేశారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. నా ఆరోగ్యాన్ని ఇంత శ్రద్ధగా కాపాడిన ఆ మహానుభావుడి రెండో చేతిలో పళ్లరసం డబ్బా ఉంది. దాని మీద "చక్కెర కలపలేదు" అని ఆకుపచ్చ అక్షరాలతో ముద్రించి ఉంది. పళ్లరసంలో సహజంగా ఉండే చక్కెరను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నాటి మార్గదర్శకాల్లో తగ్గించుకోవలసిన చక్కెరల లెక్కలోనే వేసిందని ఆయనకు చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పి ఉంటే కేకు దక్కలేదన్న ఉక్రోషం అనుకునేవారు కనుక మింగేశాను. తినడానికి మిగిలింది ఆ మాటొక్కటే.

లావుగా ఉన్న మనిషి ప్లేటు ఊరుమ్మడి ఆస్తి అని మీలో చాలామందికి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. సన్నగా ఉన్నవారు అదే బల్ల దగ్గర మూడో ముక్క తీసుకున్నా ఎవరూ లెక్కపెట్టరు. సాయంత్రం కేకు ఉంటుందని తెలిసి నేను మధ్యాహ్న భోజనంలోనే సర్దుకున్న సంగతి ఎవరికీ కనిపించదు. పిండిపదార్థంలోనూ మాంసకృత్తుల్లోనూ గ్రాముకు 4 కేలరీలుంటే కొవ్వులో 9 ఉంటాయి కాబట్టి, వంటలో ఒక పెద్ద చెంచాడు నూనె తగ్గిస్తే దాదాపు 120 కేలరీలు తగ్గుతాయి. నోరు కట్టుకోకుండా బరువు తగ్గాలనుకునే తిండిప్రియులు చేసే పనిలో ఎక్కువ భాగం ఇలా పొయ్యి దగ్గరే జరిగిపోతుంది. దానికి ప్రేక్షకులుండరు, చప్పట్లుండవు. కేకు ముక్కకు మాత్రం ఎప్పుడూ ప్రేక్షకులుంటారు.

అసలు రుచిని ఇష్టపడటమే రోగమన్నట్లు మాట్లాడేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు ఫ్యాక్టరీల్లో అతిగా ప్రాసెస్ చేసిన ఆహారమూ, మరో రెండు వారాలు పెద్దగా ప్రాసెస్ చేయని ఆహారమూ పెట్టి, ఎవరికి ఎంత కావాలంటే అంత తినమంది. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సరిసమానంగా ఉన్నా, ప్రాసెస్ చేసిన తిండి తిన్న రోజుల్లో వారు రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా తిని, దాదాపు ఒక కిలో బరువు పెరిగారు. ఆ తిండి మరింత రుచిగా ఉన్నందుకు అంత తిన్నారా అంటే అదీ కాదు. రుచి విషయంలో రెండింటికీ వారు ఇంచుమించు ఒకే మార్కులు వేశారు, కాకపోతే ప్రాసెస్ చేసినదాన్ని త్వరత్వరగా తినేశారు. దోషం రుచిదే అనేవారు ఈ ఒక్క ఫలితానికి సమాధానం చెప్పాలి. ఫోను చూస్తూ పొట్లం ఖాళీ చేసి, అడుగున చేతికేమీ తగలకపోతే గానీ అయిపోయిందని గ్రహించనివారు నాకు నిగ్రహం గురించి ఉపన్యాసం ఇవ్వకూడదు.

ఇంతకూ నా అసలు కోపం ఆ పెద్దమనిషి మీద కాదు. బరువు తగ్గిస్తామని డబ్బు కట్టించుకున్న ఒక క్లినిక్ మీద. అక్కడి నిపుణులు నేను ఏం ఇష్టంగా తింటానో, ఇంట్లో వంట ఎవరు చేస్తారో, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతానో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఒక కాగితం చేతిలో పెట్టారు. దాని పైభాగాన పాత పేరు మీద వైట్‌నర్ పూసి, అది పూర్తిగా ఆరకముందే నా పేరు రాసినందువల్ల అక్షరాలు అలికినట్లున్నాయి. కింద పొద్దున్నించి రాత్రి దాకా ఉప్పు లేని ఉడికించిన కూరగాయలే. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఉప్పు డబ్బాను చూస్తే పారిపొమ్మని చెప్పలేదు.

ఇలా కడుపు మాడ్చితే ఏమవుతుందో లోకానికి తెలిసి ఎనభై ఏళ్లయింది. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు అరకొర తిండి పెడితే, వారి ధ్యాసంతా తిండి మీదికే పోయింది; కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని గంటల తరబడి చదివారు, ఆంక్షలు ఎత్తేశాక ఎంత తిన్నా తృప్తి తీరక అల్లాడారు. వారిని తిండిపోతులని ఏరి తేలేదు, శరీరమూ మనసూ గట్టిగా ఉన్నవారినే ఎంచుకున్నారు. (ఆ క్లినిక్ నా కాగితం మీద ఎర్ర సిరాతో సున్నా చుట్టిన, ఎత్తుతో పోల్చి బరువును అంచనా వేసే బీఎంఐకి 1972లో ఆ పేరు పెట్టింది కూడా ఈ కీసే. ఆ లెక్క మాత్రం 19వ శతాబ్దంలో బెల్జియంకు చెందిన కెట్లే అనే గణాంక శాస్త్రవేత్త కట్టినది. ఆయన వెతికింది సగటు మనిషిని, కేకు తినే మనిషిని కాదు.)

మొదటి వారంలో బరువు చకచకా తగ్గినప్పుడు ఆ ఘనత వారిదయింది. శరీరం తాను దాచిపెట్టుకున్న పిండిపదార్థమైన గ్లైకోజెన్‌ను ఖర్చు చేసుకుంటున్నప్పుడు దానితోపాటు దాదాపు మూడింతల నీరు కూడా పోతుందనీ, ముల్లు దిగినదంతా కొవ్వు కాదనీ వారు చెప్పలేదు. తగ్గడం ఆగిపోయినప్పుడు మాత్రం తప్పు నా మనోబలానిదైంది. మధుమేహం వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న మూడు వేల మందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. అక్కడ జీవనశైలి మార్చుకున్న బృందానికి పెట్టిన లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక వంటి వ్యాయామం చేయడం. ఆ మాత్రానికే ఆ బృందంలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. తొంభై కిలోల మనిషికి 7 శాతమంటే ఆరు కిలోల పైచిలుకు. రుచిగా వండుకుని, కొంచెం తక్కువ వడ్డించుకుని, కూరగాయలూ పప్పుధాన్యాలూ పెంచి, నెమ్మదిగా అందుకోదగిన దూరమది. నాకు వారు రాసిచ్చిన లక్ష్యమో, నా కాలేజీ రోజుల నాటి బరువు.

నిన్న ఆ క్లినిక్ నుంచి ఫోనుకు సందేశం వచ్చింది: "బరువు తిరిగి పెరిగిన మా పాత సభ్యులకు ప్రత్యేక రాయితీ." అంటే తిరిగి పెరుగుతుందని వారికి తెలుసు, అలా పెరిగినవారి కోసం విడిగా ఒక ధర కూడా సిద్ధంగా ఉంది. ఆ కాగితం చేతిలో పెట్టిన రోజున మాత్రం ఈ సంగతి ఎవరూ నోరెత్తి చెప్పలేదు.