టవరు కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టకు తమ్ముడూ

మొన్న భీమవరం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. కొత్తగా హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్స్ వచ్చిందట, అక్టోబరు ఆఖరి పూర్తి వారాంతంలో జరిగే సీక్యూ వరల్డ్ వైడ్ కాంటెస్టులో, అంటే ప్రపంచంలోని హామ్‌లు రేడియోలో ఒకరినొకరు పలకరించుకునే పోటీలో దిగాలట. "అన్నా, 80 మీటర్ల బ్యాండులో 60 అడుగుల టవరు లేకపోతే ఎవరికీ వినపడమంటున్నారు. అమ్మ గాజులు బ్యాంకులో పెడదామనుకుంటున్నా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద కాదు, వాడికా మాట చెప్పినవాళ్ల మీద.

టవరు దండగ అని నేననను. 14, 21, 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో యాగీని (ఒక వైపుకు గురిపెట్టే యాంటెన్నాని) తిప్పుతూ వాడాలంటే ఎత్తు కావాల్సిందే, అక్కడ 60 అడుగులు దర్జాగా సరిపోతాయి. 80 మీటర్లంటే రేడియో అల పొడవు, ఆ బ్యాండు లెక్క వేరు. అక్కడ డైపోల్ (నడిమి నుంచి రెండు వైపులా సాగదీసి కట్టే తీగ యాంటెన్నా) పొడవే 40 మీటర్లు. దాని సిగ్నల్ నేలబారుగా దూరదేశాలకు పోవాలంటే దాదాపు 130 అడుగుల ఎత్తున కట్టాలి. 60 అడుగుల్లో కడితే ఎక్కువ భాగం నెత్తిమీదికే పోతుంది. హైదరాబాదుతో, చెన్నైతో మాట్లాడ్డానికి అది భేషుగ్గా ఉంటుంది. యూరప్‌కి చాలదు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. రాజోలు పక్కన మా దొడ్లో సెకండ్ హ్యాండ్ టవరు ఎత్తించాను. వానాకాలంలో మా దగ్గర నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. పని ఒప్పుకున్నవాళ్లు గై వైర్ల (టవరును నాలుగు వైపులా లాగి పట్టే తీగల) దిమ్మలు సరిపడా లోతు లేకుండా పోసి వెళ్లిపోయారు. రెండు రోజుల ముసురుకే ఒక దిమ్మ బురదలోంచి పైకి లేచింది, టవరు పశువుల పాక మీదికి ఒరిగింది. ఆ రాత్రి గేదెల్ని విప్పి రోడ్డు పక్కన కట్టేసి, తెల్లారేదాకా నేనూ మా ఆవిడా వానలో కాపలా ఉన్నాం. మర్నాడే దాన్ని దించేయించాను.

తర్వాత కట్టింది ఇన్వర్టెడ్ ఎల్, అంటే తిరగేసిన L ఆకారపు తీగ యాంటెన్నా; దాని నిలువు భాగం అంత ఎత్తు లేకుండానే సిగ్నల్‌ని నేలబారుగా పంపుతుంది. రెండు కొబ్బరిచెట్ల ఆసరాతో 20 మీటర్ల రాగి తీగ: 15 మీటర్లు నిలువుగా, మిగతా 5 అడ్డంగా. కట్టినవాడు మా దింపు మనిషి, కొబ్బరికాయలు దించేవాడు. నేను తాడు బిగించబోతుంటే పైనుంచే అరిచాడు: "బాబుగారూ, అంత బిగించకండి. గాలొస్తే రెండు చెట్లూ ఒక్కలా ఊగవండి, తీగ తెగిపోద్ది!" అప్పుడు పుల్లీ వేసి, తాడు రెండో చివర ఇసుక బకెట్ వేలాడదీశాం. గాలికి చెట్టు వంగినప్పుడల్లా బకెట్ జానెడు పైకి లేస్తుంది, మళ్లీ నెమ్మదిగా దిగుతుంది. నాలుగేళ్లయింది, తీగ తెగలేదు. తాడు మాత్రం పుల్లీ దగ్గర ఒరుసుకుని పీచు లేస్తుంది, ఏటా మార్చాలి.

ఇక్కడ చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు. చేలో నీళ్లున్నాయి కదా, రేడియల్స్ (యాంటెన్నా మొదట్లో నేల మీద చుట్టూ పరిచే రాగి తీగలు) ఎందుకూ అంటారు. తడి నేల మేలు చేసేది దూరాన, సిగ్నల్ నేలను తాకి లేచే చోట. యాంటెన్నా మొదట్లో కరెంటు తిరిగి రావడానికి రాగే కావాలి. నేను చెట్ల మొదళ్ల చుట్టూ 32 తీగలు పరిచాను. అసలు అదృష్టం సముద్రం ఒడ్డున అంతర్వేది వైపు వాళ్లది. ఉప్పునీరు మామూలు నేల కంటే వెయ్యి రెట్లు బాగా కరెంటు పారనిస్తుంది. ఆ ఒడ్డున నిలువు తీగ ఒక్కటి కట్టుకుంటే ఎంత బాగుంటుందో! రొయ్యల చెరువుల ఏరియేటర్ల రొద రిసీవర్లో పడకుండా కాస్త ఎడంగా చూసుకోవాలి, అంతే.

కాంటెస్టు మన టైములో శనివారం ఉదయం 5:30కి మొదలవుతుంది. ఆరు దాటాక గానీ మనకు సూర్యుడు రాడు, అప్పటికి యూరప్‌లో ఇంకా నడిరాత్రి. చీకట్లోనే దూరం పోయే 80 మీటర్లలో ఆ అరగంట బంగారం. మొదటి ఏడాది 100 వాట్లతో పిలిస్తే ఇటలీ స్టేషను మొదటి పిలుపుకే పలికింది. "ఫైవ్ నైన్ ట్వంటీ టూ" అని సిగ్నల్ రిపోర్టూ, కాంటెస్టులో మన జోన్ నంబరూ చెబుతుంటే నా గొంతు వణికింది. టవరు ఉన్నప్పుడు అదే బ్యాండులో గొంతు చించుకున్నా ఒక్కరూ పలకలేదు.

తమ్ముడూ, మీ పెరట్లో చెట్లున్నాయన్నావు. గాజులు అమ్మ చేతికే ఉండనీ. పుల్లీలు, తాడు నా దగ్గరున్నాయి, రాగి తీగ ఒక్కటి కొనుక్కో. ఆదివారం దింపు మనిషిని వెంటబెట్టుకుని నేనే వస్తాను.