ఒక్క ఈసీజీతో తేలదు
ఈసీజీ నార్మల్‌గా వస్తే లాంగ్ క్యూటీ జబ్బు (గుండె లయ తప్పి మనిషి ఉన్నట్టుండి కూలిపోయే జబ్బు) లేనట్టేనని వ్యాసంలో రాశారు, ఒప్పుకోలేను. మిర్యాలగూడ దగ్గర ఉండే మా మేనత్త ఫోన్ గట్టిగా మోగినా స్పృహ తప్పి పడిపోయేది. ఫిట్స్ అని ఆరేళ్లు మందులు మింగించారు. మొదట తీసిన ఈసీజీ నార్మలే! 38వ ఏట నల్గొండలో ఒక డాక్టర్ మళ్లీ మళ్లీ తీయిస్తే క్యూటీసీ (గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం) 490 మిల్లీసెకన్లు వచ్చింది. ఆడవాళ్లకు 460 దాటితేనే ఎక్కువట. అసలు ఆయన ముందు అడిగింది, మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినోళ్లు ఉన్నారా అని. అప్పుడు గుర్తొచ్చింది, మా తాత తమ్ముడు పెళ్లి బరాత్‌లో పటాకి పేలగానే కూలిపోయాడు (గాలి సోకిందన్నారు ఊళ్లో). పిల్లలకు వచ్చే అవకాశం సగం కాబట్టి అత్త కొడుకులిద్దరికీ ఈసీజీలు తీయించాం. ఇప్పుడు అత్త గుండె వేగాన్ని అదుపులో పెట్టే బీటా బ్లాకర్ మందు వాడుతోంది, దగ్గొచ్చినా మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ (క్యూటీని ఇంకా పెంచగల యాంటీబయాటిక్) అడగదు.