2000ఎక్స్ చూసి మురిసిపోకండి, స్టేజీ కిందికి వంగి చూడండి

కొత్తగా ల్యాబ్ పెట్టేవాళ్లు మైక్రోస్కోప్ కొటేషన్ చేతికి రాగానే అడిగేది "ఎన్ని ఎక్స్?" అని, అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని. ఆ తర్వాత "కెమెరా ఎన్ని మెగాపిక్సెల్?" అని. స్లైడు పెట్టే స్టేజీ కింద ఉండి దాని మీదికి కాంతిని పోగుచేసే కండెన్సర్ సంగతి అడిగినవాళ్లు నూటికి ఒక్కరుంటే గొప్ప. అమ్మేవాళ్లకీ ఇదే హాయి. పెట్టెలో 20ఎక్స్ ఐపీసుల (కంటి దగ్గరి లెన్సుల) జత ఒకటి అదనంగా పడేసి, నూరు ఇరవైలు రెండు వేలు అని బ్రోచర్ మీద పెద్దక్షరాలతో అచ్చేస్తారు.

ఆ 2000 ఉత్త గాలి. స్లైడు వైపు ఉండి నూనెలో ముంచి వాడే ఆయిల్ ఆబ్జెక్టివ్ మీద 100 పక్కనే 1.25 అని చెక్కి ఉంటుంది. సరుకంతా ఆ చిన్న అంకెలోనే ఉంది. లెన్సు ఎంత వెడల్పు కాంతిని పట్టగలదో చెప్పే ఆ కొలత పేరు న్యూమరికల్ అపెర్చర్, వాడుకలో ఎన్‌ఏ. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 550 నానోమీటర్లు. దాన్ని 1.25కి రెట్టింపైన 2.5తో భాగిస్తే 220 నానోమీటర్లు వస్తుంది. ఇంతకంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఆ లెన్సుకి ఒక్కటిగానే కనిపిస్తాయి. 1873లోనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బే తేల్చిన సంగతి ఇది. ఎన్‌ఏకి వెయ్యి రెట్లు, అంటే 1250ఎక్స్ దాటితే బొమ్మ పెరుగుతుంది గానీ వివరం పెరగదు. ఫోన్లో మసక ఫోటోని రెండు వేళ్లతో సాగదీసినట్టే.

పోనీ 1.25 అని రాసుంది కదా అని 1.25 దానంతటదే రాదు. అంత వెడల్పు కాంతిని కింద నుంచి కండెన్సర్ అందించాలి. కండెన్సర్‌కీ స్లైడుకీ మధ్య గాలి ఉన్నంతసేపు దాని వాటా 1.0 దాటదు. రోజువారీ పనికి అది చాలు. కానీ ఆ కాస్త కూడా దక్కనివ్వరు మనవాళ్లు. వెలుగు కళ్లలో కొట్టిందంటే కండెన్సర్ కిందికి దించేస్తారు, లేదా కాంతి దారిని చిన్నదీ పెద్దదీ చేసే ఐరిస్‌ని బిగించేస్తారు. అంచులు నల్లబడి బొమ్మ తేటపడినట్టు భ్రమ కలుగుతుంది. జరిగింది మాత్రం ఎన్‌ఏ బాగా పడిపోవడం. ఇక ఎర్రకణంలో ఉంగరంలా కనిపించే మలేరియా క్రిమి రింగుకీ, ఎర్రకణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్‌కీ, స్టెయిన్ మడ్డికీ తేడా తెలిసేదెలా? వెలుగు తగ్గించడానికి ల్యాంప్ నాబ్ వేరే ఉంది, తిప్పాల్సింది దాన్ని.

రంగేసిన స్మియర్‌ని (స్లైడు మీద పలచగా పరిచిన రక్తాన్ని) ఆయిల్‌లో చూస్తున్నప్పుడు కండెన్సర్ దాదాపు పూర్తిగా పైన ఉండాలి, ఐరిస్ బాగా తెరిచి ఉండాలి. ఎంత తెరవాలో ఊహించక్కర్లేదు. ఒక ఐపీస్ తీసి గొట్టంలోకి తొంగి చూస్తే వెలుగు వృత్తం, దాని చుట్టూ ఐరిస్ అంచు కనిపిస్తాయి. వృత్తంలో ముప్పావు వంతుకి తగ్గకుండా వెలుగు నిండితే సరి. రంగెయ్యని యూరిన్ సెడిమెంటుకి (మూత్రం అడుగు మడ్డికి) మాత్రం ఇది తిరగబడుతుంది. ఐరిస్ మూసి వెలుగు తగ్గించకపోతే మూత్రపిండ నాళాల్లో అచ్చుపోసినట్టు ఏర్పడే, గాజులా పారదర్శకమైన హయలిన్ కాస్టులు కంటికి ఆనవు.

యూరిన్ మాట వచ్చింది కాబట్టి రిపోర్టులో కనిపించే "పస్ సెల్స్ 4–6/హెచ్‌పీఎఫ్" అనే చీము కణాల లెక్క గురించి. హెచ్‌పీఎఫ్ అంటే హై పవర్ ఫీల్డ్, 40ఎక్స్‌లో ఒక్కసారికి కనిపించే వృత్తం. ఎవరి హెచ్‌పీఎఫ్? ఐపీస్ మీద ఫీల్డ్ నంబర్ ఉంటుంది. అది 18 అయితే 40ఎక్స్‌లో కనిపించే వృత్తం వ్యాసం 0.45 మిల్లీమీటర్లు, 22 అయితే 0.55. వైశాల్యంలో దాదాపు ఒకటిన్నర రెట్ల తేడా. అంటే అదే చుక్కలో ఒక మైక్రోస్కోప్ 6 కణాలు చూపిస్తే ఇంకోటి 9 చూపిస్తుంది. పైగా ఒక ల్యాబ్ 10 మిల్లీలీటర్లు ఐదు నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున అర మిల్లీలీటరు ఉంచుకుంటుంది, ఇంకో ల్యాబ్ డబ్బాలోంచి నేరుగా చుక్క తీసి స్లైడు మీద వేస్తుంది. ఈ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని ఇన్ఫెక్షన్ తగ్గిందనో పెరిగిందనో అనుకోవడం ఎంత అమాయకత్వం!

స్టెయిన్ దగ్గర ఇంకో నిర్లక్ష్యం. రక్తపు స్మియర్‌కి వేసే లీష్‌మన్ రంగుకి పీహెచ్ 6.8 బఫర్ నీళ్లు వాడాలని అందరూ చదువుకున్నారు. అయినా చెయ్యి బోరు నీళ్ల కొళాయి వైపే పోతుంది. క్షారగుణం ఎక్కువున్న నీళ్లతో ఎర్రకణాలు నీలం తిరుగుతాయి, ఇసినోఫిల్ రంగు పాడవుతుంది. సగం వాడి మూత సరిగ్గా పెట్టని మెథనాల్ సీసా గాల్లోని తేమ పీల్చుకుంటుంది. ఆ నీటి వల్ల ఎర్రకణాల్లో మెరిసే గుంటలు పడతాయి. వాటిని పరాన్నజీవులనుకున్న రిపోర్టులకు కొదవ లేదు.

లెన్సు చావు ఎక్కువగా 40ఎక్స్ దగ్గరే. 100ఎక్స్‌లో చూశాక ఆబ్జెక్టివ్‌లు బిగించిన చక్రాన్ని, అంటే నోస్‌పీస్‌ని వెనక్కి తిప్పితే 40ఎక్స్ వెళ్లి నూనెలో మునుగుతుంది. అది నూనెలో ముంచే లెన్సు కాదు, ఆ రోజు నుంచి బొమ్మ మంచు కమ్మినట్టే. ఈథర్ ఏడు పాళ్లు, ఆల్కహాల్ మూడు పాళ్లు కలిపి లెన్స్ పేపర్‌ కొసని తడిపి తుడవాలి. చొక్కా కొంగు, దూది వద్దు. జైలీన్‌లో నానబెడితే లెన్సుల్ని అతికించిన జిగురే వదులుతుంది. నూనె బదులు లిక్విడ్ పారాఫిన్ పోసే పొదుపు కూడా మానాలి. దాని వక్రీభవన గుణకం (కాంతిని వంచే కొలత) 1.48 లోపే, గాజుది 1.52కి దగ్గర; రెండూ సరితూగాలి.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల బూజు వేరే బాధ. ఏసీ ఆపాక చల్లటి గాజు మీద చెమ్మ దిగుతుంది, పైన ప్లాస్టిక్ కవర్ కప్పితే అది అక్కడే మగ్గుతుంది. పెట్టెలో సిలికా జెల్ ఉంచి, నీలం గులాబీగా మారగానే ఓవెన్లో వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. తేమ, చెమట కొత్త కష్టాలు కావు లెండి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ మైక్రోస్కోప్ మరలు చెమటకి తుప్పు పట్టాయి, ఐపీస్ పగిలి ఉంది. మెగాపిక్సెళ్ల సంగతి అడగనక్కర్లేదు.

కొనేటప్పుడు ఆబ్జెక్టివ్‌ల ఎన్‌ఏ, కండెన్సర్ ఎన్‌ఏ, ఐపీస్ ఫీల్డ్ నంబర్ కొటేషన్లోనే రాయించుకోండి. హర్యానాలోని అంబాలాలో తయారైన సరుకని చులకన చెయ్యక్కర్లేదు, విదేశీ పేరని కళ్లు మూసుకుని కొననూ అక్కర్లేదు. మీకు బాగా తెలిసిన స్లైడు ఒకటి జేబులో పెట్టుకెళ్లండి. ఫీల్డు నడుమ పదునుగా ఉండి అంచులు మసకబారితే అది మామూలు అక్రోమాట్ లెన్సు, అంచుల దాకా పదునుగా చూపే ప్లాన్ లెన్సు ధర ఇవ్వకండి. 40ఎక్స్‌లో ఫోకస్ చేసి ఐదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. స్టేజీ దానంతటదే జారి బొమ్మ మసకబారితే బిగుతు సరిచేయించి మళ్లీ చూడండి. అప్పుడూ జారితే వెనక్కి ఇచ్చేయండి.