అంకె కనిపించాలి, సగం ప్లేటు దొరకాలి

హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే, వారిలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకున్నట్లు హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. 71 శాతం మందికి ఊబకాయం. 2025లో వెలువడిన ఈ లెక్కలు చూసి నేరమంతా తిండిదే అనలేం. గంటల తరబడి కుర్చీకి అతుక్కుపోయే కొలువులు, తలకిందులైన నిద్రవేళలూ ఉన్నాయి. కానీ అర్ధరాత్రి ఫోను నొక్కి తెప్పించుకునే పొట్లాలను పద్దులోంచి తీసేయడమూ కుదరదు.

సలహాలకు కొదవ లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో 17 సూత్రాలతో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. దేశంలో వ్యాధుల భారంలో 56.4 శాతానికి సరైన ఆహారం లేకపోవడమే మూలమని చెప్పింది. ఆ మాట ఫాస్ట్‌ఫుడ్ కౌంటరు దాకా చేరడం లేదు. అక్కడ బర్గరు ఒక్కటే అడిగినవాడికి, ఇంకొంచెం డబ్బు కలిపితే వేపుడు బంగాళాదుంపలు, కూల్‌డ్రింకు కూడా వస్తాయని ఆశ పెడతారు. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర, 130 కేలరీలు ఉంటాయి. కడుపు నిండదు, లెక్క మాత్రం పెరుగుతుంది. గ్రాము పిండి పదార్థం 4 కేలరీలిస్తే గ్రాము కొవ్వు 9 ఇస్తుంది కాబట్టి, పైన వేసే రెండు చెంచాల నూనె సాసు కూడా చిన్న విషయం కాదు.

పదీ అంతకుమించి శాఖలున్న హోటళ్లు మెనూలో ప్రతి వంటకం పక్కనా కేలరీలు చూపాలని కేంద్ర నిబంధన ఉంది. 2022 జులై 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లూ ఆ వివరం చూపాల్సిందే. భూతద్దం పెట్టి వెతికితే తప్ప కనిపించని అంకె ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ధర ఎంత అక్షరాల్లో వేస్తే కేలరీలూ అంత అక్షరాల్లోనే వేయాలి. మన ఆహార భద్రత అధికారులు వంటగదుల్లో బొద్దింకల్ని, పాచిపోయిన మాంసాన్ని బాగానే పట్టుకుంటున్నారు. అదే తనిఖీలో మెనూ బోర్డు వైపు కూడా ఒకసారి తలెత్తి చూడాలని కోరుతున్నాం.

2024 అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్ సాసును ఏడాది పాటు నిషేధించింది. క్రిముల ముప్పు దృష్ట్యా అది సరైన పనే. అయితే గుడ్డు లేని మయోనైజ్‌లోనూ ఉండేది ప్రధానంగా నూనే. షవర్మాలో, మోమోల పక్కన అది ఎప్పటిలాగే ధారాళంగా పడింది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

పిజ్జాను తిట్టి మిర్చి బజ్జీని వెనకేసుకొచ్చే అలవాటు కూడా మనకుంది. 2019లో యునెస్కో సృజనాత్మక పాకకళా నగరంగా గుర్తించిన ఊరు ఇది, ఆ గర్వం మాకూ ఉంది. కానీ మరిగిన నూనెలో వేగిన బజ్జీకి, పళ్లెం నిండా నెయ్యి మెరిసే అరబ్బీ మండీ అన్నానికి ఒంట్లో ప్రత్యేక రాయితీ ఏమీ దొరకదు. రోడ్డు పక్క బండివాణ్ని కేలరీలు లెక్కగట్టమనడం అన్యాయం. కాగిన నూనెను మళ్లీ మళ్లీ వాడొద్దని అతనికి నచ్చజెప్పి, వాడేసిన ఆ నూనెను బయోడీజిల్ కోసం కొనేవాళ్లకు చేర్చే ఏర్పాటు చేస్తే అదే పెద్ద మేలు.

తినేవారి చేతిలోనూ కొంత ఉంది. హోటల్లో సూపును వన్ బై టూ అడగడానికి సిగ్గుపడని నగరం, బిర్యానీ దగ్గరకొచ్చేసరికి జంబో ప్యాకుకు ఎందుకు లొంగిపోతుందో తెలియదు. సగం ప్లేటు సగం ధరకు అన్నిచోట్లా దొరికితే చాలామంది దాన్నే అడుగుతారు. శీతల పానీయం మానేసి మజ్జిగ తీసుకోవడం, సాసు విడిగా ఇమ్మనడం, రాత్రి భోజనం పెందలాడే ముగించడం ఖర్చులేని పనులు.

పిల్లల సంగతి వేరు. వాళ్లను ఎంచుకోమనలేం. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిళ్లను బడి ఆవరణలో, గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మరాదని 2020లోనే నిబంధనలు వచ్చాయి. నగరంలో ఎన్నో బడుల గేట్ల ఎదుటే చిప్సు పొట్లాలు దండల్లా వేలాడుతుంటాయి. జూన్‌లో బడులు తెరిచేలోపు విద్యాశాఖ, ఆహార భద్రత విభాగం కలిసి ఆ దూరం కొలిచి, చిరువ్యాపారులకు పండ్లు, పల్లీలు, ఉడికించిన మొక్కజొన్న అమ్ముకునే వీలు చూపాలి. దీనికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.