చెవి మిషన్ పాడైతే క్యూఆర్ కోడ్ పెట్టుకోవాలా?

వాట్సాప్‌లో మళ్లీ ఒక వీడియో వచ్చింది. డిగ్రీ చదివే అమ్మాయి, పక్కన వాళ్లమ్మ, కింద క్యూఆర్ కోడ్. చెవి మిషన్ వానలో తడిసి పనిచేయట్లేదు, సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయి, కొత్తది కొనే స్తోమత ఇంట్లో లేదు. వీడియో తీసేవాడు "అన్నలందరికీ దండం పెట్టమ్మా" అంటే ఆ పిల్ల పెట్టింది. డబ్బులు పంపాను కానీ ఒళ్లు మండింది. తీసినవాడి మీద కాదు, వాడైనా పూనుకున్నాడు పాపం.

కింద కామెంట్లలో "గవర్నమెంటు అన్నీ ఇస్తోంది కదా, మళ్లీ ఈ చందాలేంటి" అని ఒక పెద్దమనిషి. ఇస్తోంది సార్, ఎవరు కాదన్నారు? ఆంధ్రలో 2024లో దివ్యాంగుల పింఛను 6,000 చేశారు, తెలంగాణలో 2023లో 4,016 చేశారు. కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, 40 శాతం వైకల్యం ఉండి ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకపోతే పెట్టుకోవచ్చు. ఇంజినీరింగ్, డిప్లొమా పిల్లలకి సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల సక్షమ్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50 వేలు. అన్నీ మంచివే. కానీ స్కాలర్‌షిప్ ఏదైనా సరే పోర్టల్ తెరిచినప్పుడే అప్లై చేయాలి, కాలేజీ వెరిఫై చేయాలి, పైవాళ్లు వెరిఫై చేయాలి, ఆధార్‌కి లింకైన ఖాతాలో ఎప్పుడో పడాలి. సోమవారం మిషన్ పోయి గురువారం పరీక్ష ఉన్న పిల్లకి ఎప్పుడో వచ్చే ఆ డబ్బు ఏం పనికొస్తుంది?

చెవి మిషన్లు, మూడు చక్రాల బళ్లు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం అడిప్ సంగతి చూడండి. ఒకసారి తీసుకున్నాక అదే అవసరానికి మళ్లీ మూడేళ్ల దాకా ఇవ్వరు, పన్నెండేళ్ల లోపు పిల్లలకైతే ఏడాది. నిబంధన ఎందుకు పెట్టారో అర్థమవుతుంది, తీసుకెళ్లి అమ్ముకోకుండా. కానీ మిషన్‌కి ఆ నిబంధన తెలియదుగా, రెండో ఏడాదే పాడవుతుంది! ఆటోలో మర్చిపోతారు, హాస్టల్లో ఎవడో దొంగిలిస్తాడు, మోటారు బండికి బ్యాటరీ చచ్చిపోతుంది. ఆ రోజు నుంచి ఆ మిషనో బండో వాడే అబ్బాయి కాలేజీకి రావడం మానేస్తాడు. అటెండెన్స్ పోతుంది, దాంతోపాటు స్కాలర్‌షిప్పూ పోతుంది. బ్యాటరీ దగ్గర మొదలైంది చదువు దాకా వచ్చేస్తుంది, ఇదీ లెక్క.

పింఛను దాచుకోవచ్చుగా అంటారా? ఆ డబ్బు చాలా ఇళ్లలో బియ్యానికీ అద్దెకీ పోతుంది. పైగా మనం సిటీ బస్సెక్కే చోట ఆ పిల్లాడు ఆటో మాట్లాడుకోవాలి. వైకల్యంతో బతకడానికి ఖర్చు ఎక్కువన్న సంగతి 2016 దివ్యాంగుల హక్కుల చట్టమే ఒప్పుకుంది, సామాజిక భద్రతా పథకాల్లో వీళ్లకి మిగతావాళ్లకంటే కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని రాశారు. అర్జెంటుగా కావాల్సి వస్తే ఎవరిని అడగాలో మాత్రం ఆ పిల్లాడికి చెప్పేవాళ్లు లేరు. ముఖ్యమంత్రి సహాయ నిధి ఉందిగా అంటే, అది ఎక్కువగా ఆస్పత్రి బిల్లులకి, దానికీ ఎమ్మెల్యే లెటర్ పట్టుకు తిరగాలి.

ఇక ఫీజుల గోల. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు, పిల్లల తరఫున సర్కారు కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ఏకంగా బంద్ పెట్టాయి. బకాయి సర్కారుది, హాల్ టికెట్ ఆపేది పిల్లలకి. "ఇప్పుడు కట్టు, వచ్చాక తిరిగిస్తాం" అని కాలేజీ వాళ్లంటే, మిగతా పిల్లలు పార్ట్ టైం డెలివరీ పని చేసైనా కట్టేద్దామనుకోవచ్చు, చూపులేని కుర్రాడికి ఆ దారి కూడా లేదు.

నేను అడిగేది పెద్ద పథకం కాదు, బాబోయ్ ఇంకో పోర్టల్ అసలే వద్దు. ప్రతి కాలేజీలో ప్రిన్సిపల్ చేతిలో కొంచెం డబ్బు ఉండాలి, ఒక్కో పిల్లకి ఇరవై ముప్పై వేల దాకా రెండు రోజుల్లో ఇచ్చే అధికారం ఉండాలి. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ అడ్మిషన్ అప్పుడే ఇచ్చి ఉంటారు, మళ్లీ అడగొద్దు. ఫొటో తీయొద్దు, చెక్కు పట్టుకుని నిలబెట్టి పేపర్లో వేయించొద్దు. దుర్వినియోగం అవుతుందని భయమైతే డబ్బు నేరుగా షాపుకే కట్టండి, బిల్లు ఫైల్లో పెట్టుకోండి. అయినా ఎవడో ఒకడు మోసం చేస్తాడు, చేయనీయండి. వాడి కోసం మిగతా అందరినీ వీడియోలో దండాలు పెట్టిస్తామా?

డబ్బెక్కడిది అనొద్దు. పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు చూస్తూనే ఉన్నాం కదా, ఫ్లెక్సీలు, శాలువాలు, మెమెంటోలు, డీజే, అమెరికా నుంచి వచ్చిన సీనియర్ పేరుతో గేటు పక్కన ఆర్చి. ఈ సంక్రాంతికి మీ బ్యాచ్ కలుస్తుంటే కాస్త ముందే వెళ్లి ప్రిన్సిపల్ గారిని అడగండి, మన కాలేజీలో దివ్యాంగ విద్యార్థులు ఎంతమంది, వాళ్లకి అర్జెంటుగా డబ్బు కావాలంటే ఎవరు సంతకం పెడతారు అని. ఆయనేం చెప్పారో ఇక్కడ రాయండి, కాలేజీ పేరు అక్కర్లేదు.